పుట్ట ఉంటేనే కొక్కు: మెట్ట నేలల్లో పుట్టగొడుగుల వెతుకులాట

అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా నాలుగైదు నెలల్లో, మధ్యలో వారాల తరబడి ఎండ కాస్తూ కురుస్తుంది. మరోపక్క పుట్టగొడుగు బరువులో దాదాపు తొంభై శాతం నీరే. ఎర్ర నేల పైపొర ఒక్క పూట ఎండకే పొడిబారే చోట ఇంత నీరున్న వస్తువు రాత్రికి రాత్రి వందల కొద్దీ లేస్తుందంటే నమ్మబుద్ధి కాదు. అయినా ప్రతి ఏటా లేస్తుంది. ముసురు పట్టి వెలిసిన మర్నాడు తెల్లవారకముందే ఒక సంచి, ఒక చిన్న కర్ర పట్టుకుని చెలకల వైపు, గుట్టల వైపు నడిచేవాళ్ళు అనంతపురంలోనూ మహబూబ్‌నగర్‌లోనూ నల్లమల అంచు ఊళ్ళలోనూ ఇప్పటికీ ఉన్నారు. నేల అంతటా తడే అయినా వాళ్ళు అంతటా వెతకరు. నిరుడు లేచిన పుట్ట ఎక్కడుందో గుర్తు పెట్టుకుని నేరుగా అక్కడికే వెళ్తారు.

మెట్ట ప్రాంతంలో పుట్టగొడుగులను అర్థం చేసుకోవాలంటే అక్కడే మొదలుపెట్టాలి. దొరికే చోటు, దొరికే రోజు, తినదగ్గదో కాదో తేల్చుకునే పద్ధతి, చివరికి అవి ఎందుకు తగ్గిపోతున్నాయన్న ప్రశ్న, అన్నీ తిరిగి తిరిగి పుట్ట దగ్గరికే వస్తాయి.

పేరులోనే ఉన్న సంగతి

పుట్టగొడుగు అన్నా, తెలంగాణలో పుట్టకొక్కు, లేదా ఉత్త కొక్కు అన్నా, ముందు పుట్ట, ఆ తర్వాతే గొడుగు. హిందీలో వాడే కుకుర్‌ముత్తా అనే మాటలో కుక్క ఉంది గానీ పుట్ట లేదు. తెలుగులోనూ కుక్కగొడుగు అనే మాట ఉంది. కానీ దాన్ని పెంటదిబ్బల మీదా కుళ్ళిన మొద్దుల మీదా మొలిచే, తినకూడని వాటికి విడిగా వాడతారు. తరతరాలుగా ఏరుకుని తిన్న జనం పెట్టుకున్న పేర్లివి. వాటిలో వృక్షశాస్త్రం కంటే ముందే ఒక వర్గీకరణ ఉంది.

'చీమలు పెట్టిన పుట్టలో పాములు చేరినట్టు' అని సామెత చెబుతుంది గానీ, మన పొలాల్లో కనిపించే పెద్ద పుట్టలను కట్టేవి చీమలు కావు, చెదలు. వాటిలో ఒడోంటోటెర్మెస్ అనే జాతి మనకు ముఖ్యం. ఎండుటాకు, గడ్డి, పుల్ల, బెరడు ఏది దొరికినా కొరికి లోపలికి మోసుకుపోతాయి. కానీ కలపలోని గట్టి పదార్థాన్ని అరిగించుకునే శక్తి వాటికి సరిపడా లేదు. అందుకని సగం నమిలి మింగిన మేతను చిన్న చిన్న ఉండలుగా విసర్జించి, నేల లోపలి గదుల్లో స్పాంజిలా మడతలు మడతలుగా పేరుస్తాయి. ఆ ముద్ద మీద ఒక బూజు పెరుగుతుంది. ఆ బూజు కలపను విరగ్గొట్టి మెత్తబరుస్తుంది, తెల్లని గింజల్లాంటి బుడిపెలు వేస్తుంది. చెదలు ఆ బుడిపెలను తింటాయి, మెత్తబడిన పాత ముద్దనూ తింటాయి. తిన్నదానిలోని బీజాలు మళ్ళీ కొత్త ముద్దలోకి చేరతాయి. ఒక్క మాటలో చెప్పాలంటే ఇది వ్యవసాయం. మనిషి నాగలి పట్టడానికి కోట్ల ఏళ్ళ ముందే, దాదాపు మూడు కోట్ల ఏళ్ళ కిందట, ఆఫ్రికాలో ఈ సేద్యం మొదలైందని జన్యు పరిశోధనలు చెబుతున్నాయి. అప్పటి నుంచి ఈ చెదలు బూజును వదిలింది లేదు, ఆ బూజు చెదలను వదిలి విడిగా బతికిందీ లేదు. వానాకాలంలో ఆ బూజు నేల పైకి పంపే గొడుగే పుట్టకొక్కు.

చెదలు పెంచే ఈ బూజు తోటలను మొదట రాతలో పెట్టినవారిలో ఒకరికి మన తీరంతో సంబంధం ఉంది. తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో డేనిష్ మిషన్ వైద్యుడిగా వచ్చిన కోనిగ్, తంజావూరు ప్రాంతపు చెదపుట్టలను తవ్వి చూసి 1779లో వాటి గురించి రాశాడు. ఆయన 1785లో కాకినాడ జగన్నాథపురంలో చనిపోయాడు. ఆ బూజుకు టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టింది మాత్రం ఫ్రెంచి శాస్త్రవేత్త రోజర్ హైమ్, 1942లో. దక్షిణ భారతంలో విరివిగా దొరికే ఒక రకాన్ని మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన నటరాజన్ 1979లో వర్ణించి, హైమ్ పేరు మీదే హైమీ అని పిలిచారు.

ఇక నీళ్ళ సంగతి. పుట్ట లోపలి గదుల్లో గాలి ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది, వేడి ముప్పై డిగ్రీల చుట్టుపక్కల నిలకడగా ఉంటుంది. బయట మే నెల ఎండ నలభై దాటినా లోపల తోట ఎండిపోదు. చెదలు లోతు నుంచి తడి మట్టిని మోసుకొచ్చి, లాలాజలం కలిపి గోడలు మెత్తుతాయి. బూజు ఊపిరి తీసుకునేటప్పుడు వదిలే తడి కూడా ఆ గోడల మధ్యే ఉండిపోతుంది. పుట్టకూ భూగర్భ జలానికీ సంబంధం ఉందని మనవాళ్ళు ఏనాడో గమనించారు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో నీటి జాడల మీద రాసిన దకార్గళ అధ్యాయంలో, ఫలానా చెట్టు పక్కన పుట్ట ఉంటే ఎంత లోతులో నీరు పడుతుందో వరుసగా చెప్పుకుంటూ పోతాడు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఇ.ఎ.వి. ప్రసాద్ ఆ అధ్యాయాన్ని భూగర్భ శాస్త్రం కోణంలో పరిశోధించి 1980లో ప్రచురించారు. పుట్ట కనబడిన ప్రతి చోటా బోరు వేస్తే నీళ్ళు పడతాయని దీనర్థం కాదు. కానీ ఎండ నేలలో తడిని దాచుకున్న చోటు పుట్ట అన్నది నిజం. కొక్కు తాగేది ఆ దాచిన తడినే. పై నుంచి పడే వాన దానికి తలుపు తెరుస్తుంది, అంతే.

'పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి' అని పత్రికల్లో తరచూ రాస్తుంటారు, నిన్న లేనిది ఇవాళ ప్రత్యక్షమైందన్న అర్థంలో. నిజానికి పుట్టగొడుగు వెనక ఏళ్ళ తరబడి నేల కింద సాగిన శ్రమ ఉంటుంది.

ఉసిళ్ళు లేచాక ఎన్నాళ్ళకు?

తొలకరి జల్లు పడిన సాయంత్రం ఉసిళ్ళు లేస్తాయి. దీపం చుట్టూ రెక్కలు రాల్చుకుంటూ తిరిగే ఆ పురుగులు కొత్త కాపురం పెట్టడానికి బయల్దేరిన చెదల రాజులూ రాణులూ. పల్లెల్లో వాటిని పట్టి వేయించుకుని తింటారు, బియ్యంతోనో పేలాలతోనో కలిపి. పుట్టగొడుగులు మాత్రం ఆ రోజు రావు. కొన్ని వారాలు ఆగాలి. మృగశిర కార్తెలో ఉసిళ్ళు లేస్తే కొక్కులు ఎక్కువగా ఆరుద్ర దాటాక, పునర్వసు, పుష్యమి, ఆశ్లేష కార్తెల ముసుర్లలో కనిపిస్తాయి. వానలు ఆలస్యమైతే ఇంకా వెనక్కి జరుగుతాయి.

ఈ ఎడానికి ఒక కారణం ఉంది, అది ఈ కథలోకెల్లా అందమైన భాగం. చాలా రకాల్లో కొత్త రాణి తన వెంట బూజును తీసుకెళ్ళదు. నేలలో చిన్న గది చేసుకుని గుడ్లు పెడుతుంది. ఆ గుడ్ల నుంచి వచ్చిన మొదటి కూలి చెదలు మేత కోసం బయటికి వచ్చే సమయానికి బయట గడ్డి మీద, ఆకుల మీద బూజు బీజాలు సిద్ధంగా ఉండాలి. లేకపోతే ఆ కాపురంలో తోట లేదు, తోట లేకపోతే తిండి లేదు. పాత పుట్టల మీద పుట్టగొడుగులు విచ్చుకుని బీజాలు రాల్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే. అంటే పల్లెవాళ్ళు ఉసిళ్ళ రోజు నుంచి కొక్కుల రోజును లెక్కవేసుకోవడం వెనక ఒక జీవ గడియారం ఉంది.

ఉరుము ఉరిమితే కొక్కు లేస్తుందన్న నమ్మకం కూడా గట్టిదే. ఎడారిలో నేల లోపల దుంపల్లా పెరిగే దుంపగొడుగులను అరబ్బులు ఉరుము బిడ్డలంటారు. దీన్ని పూర్తిగా కొట్టిపారేయడానికి లేదు. జపాన్‌లో ఇవాతె విశ్వవిద్యాలయంవాళ్ళు షిటాకే అనే పుట్టగొడుగును పెంచే దుంగలకు మెరుపులాంటి విద్యుత్ షాక్ ఇచ్చి చూస్తే దిగుబడి పెరిగింది. అయితే అది దుంగ మీద పెరిగే రకం. మన పుట్టకొక్కు విషయంలో ఉరుమూ వానా ఒకేసారి వస్తాయి కాబట్టి ఘనత ఉరుముకు దక్కుతోందని అనుకోవడమే సబబు.

లేచే తీరులో రెండు రకాలున్నాయి. ఒకటి పెద్ద కొక్కు. లోపలి తోట నుంచి బయలుదేరి జానెడు, మూరెడు, ఒక్కోసారి అంతకంటే లోతు నుంచి వేరులాంటి పొడవాటి కాడతో మట్టిని చీల్చుకుంటూ వస్తుంది. దాని తల మీద గట్టి మొన ఉంటుంది, గడ్డపార కొసలాగా. విచ్చుకున్నాక కూడా ఆ మొన గొడుగు నడుమ బొడిపెలా మిగులుతుంది. రెండోది వేలి గోరంత ఉండే చిన్న రకం. దానికి వేరుకాడ ఉండదు. చెదలు పాత తోట ముక్కలను బయటికి తెచ్చి నేల మీద పరుస్తాయి, వాటి మీద వందలూ వేలూ ఒకేసారి తెల్లగా పూస్తుంది, అటుకులు చల్లినట్టు. కొన్ని చెదలు నేలపైన పుట్ట కట్టవు, గూడంతా నేల కిందే ఉంటుంది. అందువల్ల పుట్ట కనబడని గట్టు మీద కూడా కొక్కులు లేవొచ్చు. వేరుకాడ వెంట తవ్వితే కింద గూడు దొరుకుతుంది.

పొద్దెక్కితే పురుగు పడుతుంది, మధ్యాహ్నానికి మెత్తబడి వాసన వస్తుంది. అందుకే తెల్లవారుజాము ప్రయాణం. ఫ్రిజ్ లేని ఇంట్లో రెండో రోజుకు నిలవదు. ఏరుకొచ్చినవాళ్ళు వేరుకాడ మీది మట్టి పొరను వెదురు పుల్లతోనో కత్తితోనో గీకి, ఉప్పు పసుపు వేసి రెండు మూడు నీళ్ళలో కడిగి, ఉల్లి, అల్లం వెల్లుల్లి, ధనియాల పొడితో మాంసం వండినట్టు వండుతారు. జొన్నరొట్టెతో ఆ కూర తిన్నవాళ్ళకు అంగట్లో దొరికే తెల్ల బటన్ రకం చప్పగా అనిపించడంలో వింత లేదు.

తెలిసిన పుట్ట, తెలియని గొడుగు

ఇక్కడ మాట మెత్తగా చెబితే కుదరదు. అడవి పుట్టగొడుగు తిని చనిపోయేవాళ్ళు మన దేశంలో ఏటా ఉంటున్నారు. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో ఎగువ జిల్లాల్లో కొద్ది రోజుల తేడాలో 13 మంది చనిపోయారు. చాలామంది తేయాకు తోటల కూలీ కుటుంబాలవాళ్ళు. వాళ్ళకు ఏరుకోవడం కొత్త కాదు.

ప్రమాదం ఎక్కువగా రెండు దారుల్లో వస్తుంది. మొదటిది మన మైదానాల్లో అతి మామూలుగా కనిపించే పెద్ద తెల్ల గొడుగు, శాస్త్రీయంగా క్లోరోఫిల్లం మాలిబ్డైటిస్. పచ్చిక మీద, పశువుల దొడ్ల దగ్గర, గట్ల మీద వానాకాలంలో వలయంలా లేస్తుంది. చూడ్డానికి పుట్టకొక్కు కంటే అందంగా ఉంటుంది. కాడ మీద ఉంగరం ఉంటుంది, గొడుగు మీద గోధుమరంగు పొలుసులుంటాయి. లేతగా ఉన్నప్పుడు అడుగున రేకులు తెల్లగానే ఉండి, ముదిరాక ఆకుపచ్చ తిరుగుతాయి. తిన్న గంట నుంచి మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. మనిషి ఒంట్లో నీళ్ళు లేకుండా చేసేస్తుంది గానీ చాలావరకు ప్రాణం తీయదు.

రెండోది ప్రాణం తీసేది. అమాటాక్సిన్ అనే విషమున్న రకాలు. పేరుమోసిన డెత్ క్యాప్ చల్లని ప్రాంతాల ఓక్ చెట్ల కింద పెరుగుతుంది, దక్కనులో దాని బెడద లేదు. కానీ లెపియోటా అనే చిన్న గొడుగుల్లో కొన్నింటిలో ఇదే విషం ఉంటుంది, అవి పొడి నేలలనూ పెరటి తోటలనూ వదిలిపెట్టవు. ఈ విషం మోసకారి. తిన్న ఆరు నుంచి పన్నెండు గంటల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు. మర్నాటికి తగ్గినట్టు అనిపిస్తుంది, ఆస్పత్రి నుంచి ఇంటికి కూడా వచ్చేస్తారు. మూడో రోజుకో నాలుగో రోజుకో కాలేయం చేతులెత్తేస్తుంది. ఉడికించినా, ఎండబెట్టినా, వేయించినా ఆ విషం పోదు.

ఊళ్ళలో చెప్పుకునే పరీక్షలు ఈ విషం ముందు నిలవవు. వండేటప్పుడు వెండి నాణెం వేస్తే నల్లబడుతుందంటారు. నల్లబరిచేది గంధకం, అమాటాక్సిన్‌కు వెండితో పని లేదు. బియ్యమో వెల్లుల్లో వేస్తే రంగు మారుతుందంటారు, మారదు. పురుగు తొలిచిందైతే మనమూ తినొచ్చంటారు. నత్తలూ పురుగులూ డెత్ క్యాప్‌ను హాయిగా తింటాయి. తెల్లగా ఉంటే మంచిది, రంగుంటే విషం అన్నది అన్నిటికంటే ప్రమాదకరమైన మాట, ఎందుకంటే చంపే రకాల్లో అచ్చ తెలుపువీ ఉన్నాయి.

నిలబడే పరీక్ష ఒక్కటే: ఆ రకాన్ని దాని పూర్తి రూపంలో గుర్తుపట్టగలగడం. పెద్ద పుట్టకొక్కు విషయంలో ఆ గుర్తులు కలిసికట్టుగా ఉండాలి. గొడుగు నడుమ గట్టి మొన, నేలలోకి లోతుగా దిగిన వేరుకాడ, దాని కొసన చెదల తోట, బీజాల రంగు లేత గులాబీ. ఈ చివరిదాన్ని ఇంట్లోనే చూడొచ్చు. విచ్చుకున్న గొడుగును కాడ కోసి, రేకులు కిందికి వచ్చేలా సగం తెల్ల, సగం నల్ల కాగితం మీద పెట్టి, పైన గిన్నె బోర్లించి రాత్రంతా ఉంచితే పొడి రాలుతుంది. ఆకుపచ్చ రాలితే అది క్లోరోఫిల్లం. తెల్లగా రాలితే అది పుట్టకొక్కు కాదు. గులాబీ రాలినంత మాత్రాన కూడా సరిపోదు, గులాబీ బీజాలున్న విష రకాలూ ఉన్నాయి. అందుకే వేరుకాడ, దాని కింది తోట చూడకుండా పైపైన తుంచుకొచ్చిన కొక్కును నమ్మలేం. పుట్ట పక్కన మొలిచినంత మాత్రాన అది పుట్టది అయిపోదు. లేత మొగ్గల్లో ఈ గుర్తులేవీ స్పష్టంగా ఉండవు కాబట్టి కొత్తవాళ్ళు మొగ్గల జోలికి వెళ్ళకపోవడమే మంచిది. ఫోన్ యాప్‌లో ఫొటో తీసి తేల్చుకోవడం అసలే వద్దు. యాప్‌కు నేల కింద ఏముందో కనిపించదు.

ఊరు మారినప్పుడు తెలివి కూడా మోసం చేస్తుంది. కాలిఫోర్నియా బే ఏరియాలో ఇప్పుడు వేల తెలుగు కుటుంబాలున్నాయి. అక్కడి ఓక్ చెట్ల కింద శీతాకాలపు వానలకు డెత్ క్యాప్ విరివిగా లేస్తుంది, అదీ యూరప్ నుంచి చెట్ల వేళ్ళతో వచ్చి స్థిరపడిందే. 2016 డిసెంబరులో ఉత్తర కాలిఫోర్నియాలో 14 మందికి విషమెక్కింది, వారిలో ముగ్గురికి కాలేయ మార్పిడి చేయాల్సి వచ్చింది. ఆసియా నుంచి వెళ్ళినవాళ్ళు దాన్ని మన వరిగడ్డి పుట్టగొడుగు అనుకోవడం అక్కడి వైద్యులకు బాగా తెలిసిన సంగతి. రెండింటికీ అడుగున తిత్తి ఉంటుంది, లేతగా ఉన్నప్పుడు రెండూ గుడ్డులాగే ఉంటాయి. ఊళ్ళో పుట్ట దగ్గర నేర్చుకున్న చూపు ఓక్ చెట్టు కింద పనికిరాదు.

అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురు చూడకుండా ఆస్పత్రికి వెళ్ళాలి, మిగిలిన ముక్కలు కాగితంలో చుట్టి తీసుకెళ్ళాలి, ఎన్ని గంటలకు తిన్నారో డాక్టరుకు కచ్చితంగా చెప్పాలి. తిన్న ఆరు గంటల తర్వాత మొదలైన వాంతులను మామూలు ఫుడ్ పాయిజనింగ్ అనుకుని వదిలేయకూడదు.

ఇతర ఎండ నేలల్లో

చెదల సాయం లేని చోట్ల పుట్టగొడుగు మరో దారి చూసుకుంటుంది. థార్ ఎడారిలో జోధ్‌పూర్, జైసల్మేర్, బికానేర్ ప్రాంతాల్లో ఖుంబీ పేరుతో ఏరుకుని, ఎండబెట్టి అమ్మే పొడాక్సిస్, ఫెల్లోరినియా రకాలు గొడుగు విప్పవు. బీజాలు మూసిన తోలు లోపలే పండుతాయి కాబట్టి ఎండకు నీరు కోల్పోవడం తక్కువ. లేతగా, లోపల తెల్లగా ఉన్నప్పుడే తింటారు. బస్తర్‌లో సాల చెట్ల కింద మట్టిలో దొరికే బోడా, ఝార్ఖండ్‌లో రుగ్డా అనేది చెట్టు వేళ్ళతో పొత్తు పెట్టుకున్న రకం.

గల్ఫ్‌లో పనిచేసే కరీంనగర్, నిజామాబాద్ మనుషులు చాలామంది చూసే ఉంటారు, కువైట్ సంతల్లో బంగాళదుంపల్లా కుప్పలు పోసి అమ్మే ఫగా. అది ఎడారి దుంపగొడుగు. అక్టోబరు, నవంబరుల్లో వాన పడితేనే ఆ తర్వాతి శీతాకాలం చివర దొరుకుతుంది. ఎడారిలో మొలిచే ఒక చిన్న పొద వేళ్ళను అంటిపెట్టుకుని నేల లోపలే బతుకుతుంది. ఏరేవాళ్ళు పొదను చూసి, దాని చుట్టూ ఇసుక పగిలిన చోటు పట్టుకుంటారు. పొదైనా, సాల వేరైనా, పుట్టైనా, ఏదో ఒక తోడు లేకుండా పొడి నేలలో చాలా కొక్కులు బతకవు.

మందు అన్న మాట

పుట్టగొడుగుల వైద్యం గురించి ఈ మధ్య చాలా వినబడుతోంది, అందులో ఎక్కువ భాగం అమ్మకం కోసం చెప్పేదే. ఎర్రగా, వార్నిష్ పూసినట్టు మెరిసే గానోడెర్మా మన దగ్గర ముసలి చెట్ల మొదళ్ళలో దొరుకుతుంది. కొబ్బరి తోటల్లో మొదలు కుళ్ళబెట్టి చెట్టును చంపేది కూడా ఈ జాతే. చైనా వైద్యంలో దీని దగ్గరి బంధువుకు గొప్ప పేరుంది. దాన్ని పొడిచేసి కాఫీలో, మాత్రల్లో కలిపి షుగరు నుంచి క్యాన్సర్ దాకా అన్నీ తగ్గుతాయని అమ్ముతున్నారు. క్యాన్సర్ మీద జరిగిన పరీక్షలను వైద్య ఆధారాలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్షిస్తే, దాన్ని ప్రధాన చికిత్సగా వాడటానికి తగిన ఆధారం లేదని తేలింది. చెట్టు మొదట్లో పీకిన గానోడెర్మా ఏ రకమో తెలియకుండా కషాయం కాచి, కీమో మానేసి తాగడం ప్రాణంతో ఆడుకోవడమే.

పుట్ట లోపల మాత్రం నిజంగానే ఒక మందు చరిత్ర ఉంది. చెదల తోటలో జైలేరియా అనే మరో బూజు నక్కి ఉంటుంది. చెదలు బతికున్నంత కాలం దాన్ని కలుపు తీసినట్టు తీసేస్తూ ఉంటాయి. మొహాలీలోని విజ్ఞాన పరిశోధన సంస్థ ఐసర్ పరిశోధకులు మన ఒడోంటోటెర్మెస్ చెదలను గమనిస్తే, కలుపు సోకిన ముక్కను కొరికి వేరుచేసి మట్టిలో పూడ్చేస్తున్నట్టు కనిపించింది. చెదలు గూడు వదిలిపోతే తోటంతా ఈ కలుపుదే. నేల లోపల నల్లని దుంపలా గట్టిపడి, పైకి నల్ల పుల్లల్లాంటి మొలకలు వేస్తుంది. ఆ దుంపను కేరళలో నిలమాంగ, అంటే నేల మామిడి, అని నాటువైద్యంలో వాడతారు. చైనాలో వూ లింగ్ పేరుతో ఈ బూజును ఫ్యాక్టరీలో పెంచి, నిద్ర పట్టనివాళ్ళకు క్యాప్సూల్‌గా ఇస్తున్నారు. కొక్కు పండించే పుట్టే ఖాళీ అయ్యాక ఇలా రెండో పంట ఇస్తుంది.

తిండిగా చూస్తే వంద గ్రాముల తాజా పుట్టగొడుగులో మాంసకృత్తులు మూడు నాలుగు గ్రాములే, మిగతాదంతా దాదాపు నీరే. మాంసంతో సమానం అన్నది ఎండబెట్టిన దానికి కొంతవరకు వర్తిస్తుంది. ఎండకు మాత్రం ఒక నిజమైన మేలుంది. ముక్కలు చేసి నేరుగా ఎండలో ఆరబెడితే పుట్టగొడుగులోని ఎర్గోస్టెరాల్ అనే పదార్థం విటమిన్ డి2గా మారుతుంది.

పుట్టను దున్నేస్తే

పుట్టకొక్కును పెంచే విద్య ఇంతవరకు ఎవరికీ పట్టుబడలేదు. ప్రయోగశాలలో బూజును పెంచొచ్చు గానీ చెదలు లేకుండా దాన్ని పంటగా కాయించలేకపోతున్నారు. ఎండను తట్టుకునే సాగు రకం కావాలంటే పాల పుట్టగొడుగు ఉంది. బెంగాల్‌లో దొరికిన ఆ రకాన్ని 1974లో వర్ణించారు, తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సాగులోకి తెచ్చింది, ముప్పై ఐదు డిగ్రీల వేడిలోనూ కాస్తుంది. కానీ పుట్టకొక్కుకు అది బదులు కాదు. కాబట్టి పుట్టకొక్కు మిగలాలంటే పుట్ట మిగలాలి.

ఒకప్పుడు పుట్టను కాపాడింది భయభక్తులు. నాగుల చవితికి పాలు పోసే పుట్టను ఎవరూ గడ్డపారతో తాకరు. గుడి పక్క పుట్ట, దారి పక్క పసుపు కుంకుమల పుట్ట ఇప్పటికీ క్షేమంగానే ఉన్నాయి. పోతున్నవి పొలం మధ్యలోవి, బీళ్ళలోవి, గట్ల మీదివి. జేసీబీ ఒక్క గంటలో చదును చేసేస్తుంది. చెదలకు క్లోర్‌పైరిఫాస్ మందు పోస్తే గూడుతో పాటు తోట కూడా చచ్చిపోతుంది. పంటకు చెదలు చేసే నష్టం నిజమే. వేరుశనగ రైతుకూ చెరకు రైతుకూ ఆ బాధ తెలుసు, వాళ్ళను తప్పుపట్టలేం. కానీ ఎండుటాకునూ చెత్తనూ మట్టిగా మార్చేవీ, గట్టి నేలకు బొరియలు చేసి వాననీటిని లోపలికి దింపేవీ ఆ చెదలే. పైరు లేని గట్టు మీది పుట్టకూ అదే మందు పోయడంలో అవసరం కంటే అలవాటే ఎక్కువ. ఇక పట్టణాల శివార్లలో వెంచర్లు పడ్డ చోట ఈ చర్చకే తావు లేదు.

ఏరుకోవడం వల్ల తగ్గిపోతాయా అన్నది వేరే ప్రశ్న. స్విట్జర్లాండ్ అడవుల్లో 29 ఏళ్ళ పాటు కోస్తూ, కోయకుండా పోల్చి చూస్తే, ఏరినంత మాత్రాన తర్వాతి ఏళ్ళ పంట తగ్గలేదు. కానీ అక్కడి బూజు చెట్టు వేళ్ళలో శాశ్వతంగా ఉండిపోయేది. మన పుట్టకొక్కుకు కొత్త కాపురాలు దొరకాలంటే బీజాలు గాలిలోకి రావాలి. పాత గూడులోని తోట కోతతో చావదు, కర్రతో గూటి దాకా పొడిచి చెదరగొడితే తప్ప. కొత్త గూళ్ళ మాట అలా కాదు. ఇక్కడే బజారు అడ్డుపడుతోంది. రోడ్డు పక్క తట్టల్లో, పట్నం బజార్లలో ఎక్కువ ధర పలికేది విచ్చుకోని మొగ్గకే, రుచీ దానికే ఎక్కువ, నిలవా దానికే. మొగ్గగా కోసింది ఒక్క బీజం కూడా రాల్చదు. అలవాటుగా ఏరేవాళ్ళలో కొందరు విచ్చుకుని అంచులు చిరిగిన ముదురు కొక్కులను ముట్టుకోకుండా వదిలేస్తారు, కూరకు పనికిరావని. వాళ్ళు వదిలిన ఆ చిరిగిన గొడుగుల కిందే, మృగశిరలో లేచిన ఉసిళ్ళ మొదటి పిల్లలు మేతకు తిరుగుతుంటాయి.